అప్పడిగిన ఉత్తరాన్ని దాచొద్దు

గత వర్షావాసంలో ఒక ఆదివారం సాయంత్రం భిలాయిలోని మా విహారంలో ఒక గొడవ జరిగింది. పది నిమిషాల్లో సద్దుమణిగింది. కానీ దాని వెనక ఉన్న ఆలోచన మన ఊళ్లన్నిటిలోనూ, మన విహారాలన్నిటిలోనూ ఉందని నా అనుమానం. అందుకే మీ అందరి ముందూ పెడుతున్నాను.

మా విహారానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మరాఠీ ఉపాసకులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు మేము కొద్దిమందిమి. వర్షావాసం మూడు నెలలూ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథ పఠనం జరుగుతుంది. పఠనం అయ్యాక వారానికొకరు లేచి బాబాసాహెబ్ జీవితం నుంచి ఒక విషయం చెప్పాలి. ఆ వారం నా వంతు. బాబాసాహెబ్ లండన్‌లో చదువుకుంటూ, సముద్రం ఇవతల బొంబాయిలో ఉన్న తన ప్రాణమిత్రుడు నావల్ భతేనాకు రాసిన ఉత్తరాల గురించి చెప్పడం మొదలుపెట్టాను. డబ్బు సర్దమని అడిగిన ఉత్తరాలవి. మాటిమాటికీ నీకు కష్టం కలిగిస్తున్నానే, దీనితో విసిగిపోయి నాకు దూరమవుతావేమో అని నొచ్చుకున్న ఉత్తరాలవి.

నేను ఇంకా సగంలో ఉండగానే ముందు వరసలోంచి మా తెలుగువాళ్లలో పెద్దాయన ఒకరు లేచారు. “తమ్ముడూ, ఆపు. ఆయన ప్రపంచం మెచ్చిన తత్త్వవేత్త. ఇక్కడ పిల్లలు కూర్చున్నారు. వాళ్ల ముందు బాబాసాహెబ్ అప్పడిగారని చెబుతావా? ఆయన చదివిన పుస్తకాల గురించి చెప్పు, రాసిన రాజ్యాంగం గురించి చెప్పు. ఈ డబ్బు గోల మనకెందుకు?” అన్నారు. చాలామంది తలలూపారు. నేను కూర్చున్నాను.

ఆ పెద్దాయన అంటే నాకు గౌరవం. ఈ విహారం గోడలకు ఇటుకలు మోసినవాళ్లలో ఆయనొకరు. ఆయన కోపంలో బాబాసాహెబ్ మీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆయన చెప్పింది తప్పు. చిన్న తప్పు కాదు, మన పిల్లల చదువులను మింగేస్తున్న తప్పు. ఆ ఉత్తరాలు దాచవలసినవి కావు. మన పిల్లలకు అన్నిటికన్నా ముందు చెప్పవలసినవి అవే.

ఉత్తరాల వెనక ఏముంది

1913లో బాబాసాహెబ్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన విద్యార్థి వేతనం నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లపాటు. బదులుగా చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం. అక్కడి వసతిగృహంలో ఆయనకు తోడైన పార్సీ యువకుడు నావల్ భతేనా. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

1916లో లండన్ చేరి అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం రెండూ మొదలుపెట్టారు. అంతలోనే వేతనం గడువు ముగిసింది. 1917లో చదువు సగంలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. ప్రతిభ తక్కువై కాదు, డబ్బు లేక. ఈ మాట మన పిల్లలు బాగా గుర్తుపెట్టుకోవాలి. బాబాసాహెబ్ అంతటివారి చదువు కూడా ఒకసారి డబ్బు లేక ఆగిపోయింది.

తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ప్రొఫెసర్‌గా నెలకు 450 రూపాయల జీతం మీద పనిచేస్తూ కూడబెట్టారు. 1920 జనవరిలో ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టారు. అదే ఏడాది జూలైలో మళ్లీ లండన్ ఓడ ఎక్కారు. చేతిలో ఉన్నది తన పొదుపు, కొల్హాపూర్ షాహూ మహారాజు చేసిన కొంత సాయం, నావల్ భతేనా ఇచ్చిన 5000 రూపాయల అప్పు. ప్రొఫెసర్ జీతంతో లెక్కేస్తే అది పదకొండు నెలల జీతం. ఈ రోజుల్లో ఏ స్నేహితుడు మనకు పదకొండు నెలల జీతం ఇస్తాడో ఎవరికి వారు ఆలోచించుకోండి.

ఆ డబ్బూ చాల్లేదు. బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం తలుపులు తీసే వేళకు వెళ్లి మూసే వేళకు బయటికి రావడం, అర్ధాకలితో రాత్రి పొద్దుపోయేదాకా చదవడం. ఆ స్థితిలో బొంబాయికి ఉత్తరాలు వెళ్లాయి. అప్పట్లో టపా ఓడ మీద వెళ్లేది. ఉత్తరం చేరి, జవాబు రావడానికి నెల పైనే పట్టేది. ఈ రోజు డబ్బు కావాలని రాస్తే, వస్తుందో రాదో తెలియకుండా నెల రోజులు బతకాలి. అలా రాసి, అలా ఎదురుచూసి, 1921లో ఎం.ఎస్సి. పట్టా, 1922లో బారిస్టర్ పట్టా తెచ్చుకున్నారు. రూపాయి సమస్య మీద రాసిన డి.ఎస్సి. సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు సవరించమన్నారు. లండన్‌లో ఉండి సవరించడానికి డబ్బు లేదు. 1923లో బొంబాయి వచ్చేసి, ఇక్కడే సవరించి పంపారు. ఆ ఏడాదే పట్టా వచ్చింది. న్యాయవాదిగా పని మొదలుపెట్టడానికి కట్టవలసిన సనదు రుసుముకు కూడా చేతిలో డబ్బు లేకపోతే, అప్పుడూ ఆదుకున్నది భతేనాయే.

ఇదంతా ఇప్పుడెవరో తవ్వి తీసిన గుట్టు కాదు. ధనంజయ్ కీర్ రాసిన ఇంగ్లీషు జీవిత చరిత్ర 1954లో, బాబాసాహెబ్ జీవించి ఉండగానే వచ్చింది. అందులో భతేనా అప్పు సంగతి ఉంది. దాచాలన్న పట్టింపు మనది, ఆయనది కాదు.

‘ఒంటరి వీరుడు’ అనే అబద్ధం

మన సభల్లో వినిపించే కథ వేరు. వీధి దీపం కింద చదివాడు, ఎవరి సాయమూ లేకుండా ఎదిగాడు, ఒక్కడే ప్రపంచాన్ని గెలిచాడు. వక్త గొంతు పెంచుతాడు, చప్పట్లు పడతాయి. వెనక వరసలో కూర్చున్న పిల్లవాడికి మాత్రం ఒకటే అర్థమవుతుంది. గొప్పవాళ్లకు ఎవరి సాయమూ అక్కర్లేదు, నాకు కావాలి, కాబట్టి నేను గొప్పవాణ్ణి కాలేను.

ఆ పిల్లవాణ్ణి నేనే. మా నాన్న ఖలాసీగా పనిచేసేవాడు. నాకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిన ఏడు, మొదటి సంవత్సరం ఫీజు, హాస్టలు ఖర్చు కలిపి ఆయన దగ్గర సగమే ఉంది. మిగతా సగం ఇవ్వగలిగినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఇద్దరూ ఆయన స్నేహితులు. డ్యూటీకి ముగ్గురూ కలిసే సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. నాన్న అడగలేదు. “మనం చెయ్యి చాచకూడదురా” అన్నాడు. గడువు దాటిపోయింది. నేను కాంట్రాక్టు పనిలో చేరాను. చాలా ఏళ్ల తర్వాత, నాన్న పోయిన రోజున, ఆ ఇద్దరిలో ఒకాయన నా భుజం పట్టుకుని, “ఒక్క మాట అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదరా” అని ఏడ్చాడు.

నాన్నను నేను తప్పుపట్టను. మన తాతలకు అప్పంటే భూస్వామి పద్దు పుస్తకం. అందులో వేలిముద్ర వేస్తే కొడుకు పాలేరయ్యాడు, మనవడు వెట్టివాడయ్యాడు. అలాంటి అప్పు నుంచి పారిపోయి భిలాయి వచ్చినవాళ్లం మనం. చెయ్యి చాచకూడదన్న రోషం అక్కడ పుట్టింది. అది మర్యాదగల రోషమే. పెద్దాయన కోపానికి కూడా మూలం అదేనని నాకు తెలుసు.

కానీ భూస్వామి ఇచ్చే అప్పు వేరు, మిత్రుడు ఇచ్చే అప్పు వేరు. మొదటిది మనిషిని కట్టిపడేయడానికి ఇచ్చేది. రెండోది మనిషిని నిలబెట్టడానికి ఇచ్చేది. ఈ తేడా తెలియాలంటే ఆ ఉత్తరాలు చదవాలి. మహారాజు వేతనానికి గడువుంది, పదేళ్ల కొలువు ఒప్పందం ఉంది. గడువు తీరగానే చదువు ఆగింది. మిత్రుడు చేసిన సాయం వల్లే ఆగిన ఆ చదువు పూర్తయింది. అడిగినవాడు తల దించుకుని బానిసలా అడగలేదు. నీకు ఇబ్బంది కలిగిస్తున్నానని తెలిసిన మనిషిగా, సమానుడిగా అడిగాడు. నొచ్చుకోవడం తెలిసినవాడికే ఆత్మగౌరవం ఉంటుంది. అప్పడిగినందుకు బాబాసాహెబ్ చిన్నబోలేదు. అడగలేక మనం చిన్నబోతున్నాం.

గుమ్మం దగ్గర తేలే స్నేహం

ఇంకో మాట కూడా మన యువకుల్లో కొందరు అంటున్నారు. మనవాళ్లు తప్ప మనకు మిత్రులు ఉండరు, బయటివాళ్ల స్నేహమంతా నటనే అని. దెబ్బలు తిన్నవాళ్ల మాట అది, తేలిగ్గా కొట్టిపారేయను. దానికి జవాబు కూడా బాబాసాహెబ్ జీవితంలోనే ఉంది.

1917లో ఒప్పందం ప్రకారం కొలువుకు బరోడా వెళ్లినప్పుడు ఆయనకు ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. కొలంబియాలో చదివి వచ్చిన మనిషి, మారుపేరుతో ఒక పార్సీ సత్రంలో ఉండవలసి వచ్చింది. కొద్ది రోజులకే అంటరానివాడని తెలిసి కర్రలు పట్టుకున్న పార్సీలు చుట్టుముట్టి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడు ఆయన ఇద్దరు పరిచయస్తుల దగ్గర తలదాచుకోవచ్చా అని అడిగారు. ఒకాయన హిందువు, ఇంకొకాయన క్రైస్తవుడు. నువ్వొస్తే మా ఇంట్లో నౌకర్లు వెళ్లిపోతారని ఒకరన్నారు. భార్య ఊరి నుంచి వచ్చాక ఆమెను అడిగి చెబుతానని ఇంకొకరన్నారు. బాబాసాహెబ్ ఒక తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వచ్చేశారు. ఈ అవమానం కథను ఆయనే స్వయంగా రాసిపెట్టారు. దాచలేదు.

ఇప్పుడు ఆలోచించండి. కర్రలతో తరిమినవాళ్లు పార్సీలు. మూడేళ్ల తర్వాత 5000 రూపాయలు చేతిలో పెట్టిన వాడూ పార్సీయే. ఒకదాన్ని చూసి రెండోదాన్ని మరచిపోలేదు ఆయన. రెండోదాన్ని చూసి మొదటిదాన్ని క్షమించి ఊరుకోనూ లేదు. మనిషి పుట్టుకను బట్టి మిత్రుణ్ణి లెక్కించలేదు. గుమ్మం దగ్గర నిలబడినప్పుడు తలుపు తీశాడా లేదా అన్నదే లెక్క. తీపి మాటలు చెప్పినవాళ్లు తలుపు మూశారు. కుల వ్యవస్థ మీద పోరాటం, కులం బయటి స్నేహం ఒకదానికొకటి అడ్డు కావు. స్నేహం ఎక్కడుందో తెలిసినవాడికే శత్రువు ఎక్కడున్నాడో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ధమ్మం ఏం చెబుతోంది

“ఇదంతా లోక వ్యవహారం, విహారంలో ధమ్మం మాట్లాడాలి” అని ఇంకొక ఉపాసకుడు అన్నారు. ధమ్మమే మాట్లాడతాను.

మంచి మిత్రులు ఉండటం బ్రహ్మచర్య జీవితంలో సగం కదా భంతే అని ఆనందుడు అడిగితే, సగం కాదు, అంతా అదే అని బుద్ధ భగవానుడు సవరించాడు. కల్యాణమిత్రత లేని చోట మార్గమే లేదన్నమాట.

గృహస్థుల వినయంగా చెప్పుకునే సిగాలోవాద సుత్తాన్ని తీయండి. మిత్రుడి ముసుగులో ఉన్న శత్రువుల్లో మాటల మిత్రుడు ఒకడు. వాడు గడిచిన దాని గురించి తియ్యగా మాట్లాడతాడు, రాబోయే దాని గురించి తియ్యగా మాట్లాడతాడు. ఇప్పుడు పని పడితే మాత్రం తన ఇబ్బంది చెప్పుకుంటాడు. నిజమైన మిత్రుడో, అవసరం వచ్చినప్పుడు కావలసినదానికి రెండింతలు ఇస్తాడు. ఇది బుద్ధుడు చెప్పిన లెక్క. డబ్బు గోల అని ఆయన అనుకోలేదు.

ఈ అద్దంలో మన సంఘాన్ని చూసుకుందాం. మహాడ్ చెరువు గురించి, నాగపూర్ దీక్షాభూమి గురించి తియ్యగా మాట్లాడతాం. అది గడిచినది. రాబోయే బౌద్ధ భారతం గురించి తియ్యగా మాట్లాడతాం. అది రాబోయేది. ఈ నెలలో ఫీజు కట్టవలసిన పిల్ల మన బ్లాకులోనే ఉంటే, మన దగ్గర జవాబు లేదు. పోయిన ఏడాది మా వీధిలో అలాగే జరిగింది. ఒక అమ్మాయికి విదేశంలో చదువుకు సీటు వచ్చింది. తండ్రి విహారంలో ఎవరికీ చెప్పకుండా వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాడు. అమ్మాయి విమానం ఎక్కాక మాకు తెలిసింది. అందరం వాట్సాప్‌లో జై భీమ్ పెట్టి, అభినందనలు పెట్టాం. నెలనెలా వడ్డీ మాత్రం ఆ తండ్రి ఒక్కడే కడుతున్నాడు. మేమంతా ఆ పిల్లకు మాటల మిత్రులం. అందులో నేనూ ఉన్నాను.

ప్రతి ఆదివారం కళ్లు మూసుకుని మైత్రీ భావన చేస్తాం. సమస్త ప్రాణులూ సుఖంగా ఉండాలని కోరుకుంటాం. కళ్లు తెరిచాక పక్కనున్న ఉపాసకుడి ఇంట్లో సంగతేమిటో అడగం. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మాటలను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, తన గురువు బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నానని బాబాసాహెబ్ 1954లో రేడియోలో చెప్పారు. సౌభ్రాతృత్వం ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాల్లోనే తెలియలేదు. లండన్ చలిలో, బొంబాయి నుంచి వచ్చే టపా కోసం ఎదురుచూస్తూ తెలిసింది.

ఉత్తరం ధమ్మానికి తక్కువ అనుకునేవాళ్లు మన ఆచార్య నాగార్జునుణ్ణి గుర్తు చేసుకోవాలి. శూన్యవాదాన్ని స్థాపించిన ఆ తత్త్వవేత్త, శాతవాహన రాజైన తన మిత్రుడికి రాసిన లేఖ ‘సుహృల్లేఖ’. సంస్కృత మూలం పోయినా టిబెటన్, చైనా అనువాదాల్లో మిగిలింది. నాగార్జునుడు కోసల దేశంలో నివసించాడని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. ఆ దక్షిణ కోసలే ఈనాటి మా ఛత్తీస్‌గఢ్. మహానది ఒడ్డున సిర్పూర్ విహారాల శిథిలాలు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. మిత్రుడికి రాసిన ఉత్తరాన్ని బౌద్ధ లోకం వందల ఏళ్లు శాస్త్రంలా భద్రపరిచింది. మనమేమో మన గురువు మిత్రుడికి రాసిన ఉత్తరాన్ని పిల్లల కంట పడకుండా దాచాలంటున్నాం.

ఇక చెయ్యవలసింది

బాబాసాహెబ్ తాను పొందిన సాయంతో ఆగిపోలేదు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరాక, షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల ఉన్నత చదువులకు ప్రభుత్వ డబ్బు సాధించారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు, మరుసటి ఏడాది సిద్ధార్థ కళాశాల తెరిచారు. తన చదువు ఆగిన చోట మరొకరి చదువు ఆగకూడదన్నదే ఆ పని అంతా. ఆ పని మనకు అప్పజెప్పి వెళ్లారు.

ఏప్రిల్ 14 వస్తోంది. డీజే బండికి, ఫ్లెక్సీలకు, లైటింగుకు వీధి వీధికీ చందాలు వసూలు చేస్తాం. జయంతి చెయ్యొద్దని నేననను. ఆ రోజు మన పండుగ. అందులో సగం ఖర్చు పక్కన పెట్టి, చదువుకునే పిల్లలకు వడ్డీ లేని అప్పిచ్చే నిధి ఒకటి మొదలుపెడదాం అంటున్నాను. దానం కాదు, అప్పు. తిరిగి కట్టాక ఆ డబ్బు ఇంకొక పిల్లకు వెళ్లాలి.

“తిరిగి రాదు, గొడవలవుతాయి” అంటారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మనకు ఈ మాట తగదు. సొసైటీ లోను తీసుకోని ఇల్లు మా తరంలో ఎన్ని ఉన్నాయి? ఇద్దరు జామీను సంతకం పెట్టేవాళ్లు, నెలనెలా జీతంలో కోత పడేది, లెక్క రాసేవాళ్లు, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో చదివేవాళ్లు. పెళ్లిళ్లు చేశాం, ఊళ్లో ఇళ్లు కట్టుకున్నాం. జామీను పెట్టడం, లెక్క రాయడం మనకు తెలియని విద్యలు కావు. విహారంలో మాత్రం ఆ పుస్తకం ఎందుకు తెరవం?

ఇంకొకటి కూడా అడుగుతున్నాను. ఊరు విడిచి చదువుకు వెళ్లిన ప్రతి బిడ్డకూ విహారం నుంచి నెలకొకరు ఉత్తరం రాయాలి. ఫోనులో కూడా రాయవచ్చు, అభ్యంతరం లేదు. బొటనవేలి బొమ్మ పెడితే మాత్రం చాలదు. తిన్నావా, ఫీజు కట్టావా, గదిలో ఎవరైనా కులం అడిగారా, ఏమైనా కావాలా అని అడగాలి. ఎక్కడో దూరాన ఒంటరిగా గదిలో తలుపేసుకుని కూర్చున్న మన పిల్లల గురించి వార్తలు వచ్చాక కొవ్వొత్తులు పట్టుకుని నిలబడే కన్నా, ముందే అడగడం మంచిది. బాబాసాహెబ్‌కు బొంబాయిలో ఒక భతేనా ఉన్నాడు. మన పిల్లలకు భిలాయిలో ఎవరున్నారు?

పెద్దాయనకు ఈ వ్యాసం చదివి వినిపిస్తాను. ఆయనకు కోపం వస్తే రానివ్వండి. నిధి పుస్తకం తెరిచిన రోజు మొదటి జామీను సంతకం ఆయనే పెడతారని నాకు నమ్మకం. వచ్చే వర్షావాసంలో మళ్లీ నా వంతు వస్తుంది. భతేనా ఉత్తరాల గురించి ఆపిన చోటి నుంచే చెబుతాను. పిల్లలు ముందు వరసలో కూర్చోవాలి.

జై భీమ్. నమో బుద్ధాయ.